పురిటి నొప్పుల్లో భర్త చేతి మర్దన: అండమాన్‌లో ఎడ్వర్డ్ మాన్ రాసిపెట్టిన లోకం

పురిటి నొప్పులు మొదలైన భార్య వెనక భర్త కూర్చుంటాడు. ఆమె వీపుకు దన్నుగా ఉంటాడు. ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కుతాడు, ఎక్కడ రుద్దమంటే అక్కడ రుద్దుతాడు. ఆమెకు తెలిసిన నలుగురు ఆడవాళ్లు ఆకుల తెర పట్టుకుంటారు. తాము కన్నప్పటి అనుభవంతో బిడ్డను బయటికి తీస్తారు. గుల్లతో బొడ్డుతాడు కోస్తారు.

దక్షిణ అండమాన్‌లోని ఆకా-బేయా తెగలో ప్రసవం ఇలా జరిగేదని 1882-83లో లండన్‌లో అచ్చయిన ఒక పరిశోధన వ్యాసం చెబుతుంది. రాసిన వ్యక్తి వైద్యుడు కాదు, యాత్రికుడూ కాదు. బ్రిటిష్ శిక్షా స్థావరంలో ఉద్యోగం చేసిన ఎడ్వర్డ్ హోరేస్ మాన్. గర్భిణులకు మర్దన, పాదాల మీద ఒత్తిడితో చేసే రిఫ్లెక్సాలజీ, ప్రసవ గదిలో తోడు వంటి విషయాలు ఇప్పుడు నగరాల్లో కొత్తగా చర్చకు వస్తున్నాయి. అవేవీ మాటల్లోకి రాకముందే, బంగాళాఖాతంలోని ఒక దీవిలో భర్త చేతులు ఆ పని చేసేవని ఆయన నమోదు చేశారు.

అయితే ఆ నమోదు వెనక మరో చరిత్ర ఉంది. ఈ పద్ధతులను అంత శ్రద్ధగా రాసుకున్న అధికారే కొన్నేళ్లపాటు ఒక సంస్థకు బాధ్యుడిగా ఉన్నారు. ఆ సంస్థలో పుట్టిన అండమానీ పిల్లలు బతకలేదు. మాన్ జీవితాన్ని చెప్పుకోవాలంటే ఈ రెండూ కలిపే చెప్పుకోవాలి.

తండ్రి ఎగరేసిన జెండా

తెలుగువారికి అండమాన్ అంటే ముందు గుర్తొచ్చేది కాలాపానీ. రంప తిరుగుబాటుదారులు, తరువాత అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించింది అక్కడే. ఆ శిక్షా స్థావరం పుట్టుకలోనే మాన్ కుటుంబం పాత్ర ఉంది. 1857 తిరుగుబాటు తరువాత ఖైదీలను పంపడానికి అండమాన్ దీవులను తీసుకోవాలని కంపెనీ ప్రభుత్వం నిర్ణయించింది. 1858 జనవరిలో అక్కడ బ్రిటిష్ జెండా ఎగరేసిన అధికారి కెప్టెన్ హెన్రీ మాన్. అదే ఏడాది మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో ఓడ దిగారు.

హెన్రీ మాన్ కొడుకు ఎడ్వర్డ్ 1846లో సింగపూర్‌లో పుట్టారు. తండ్రి పోర్ట్ బ్లెయిర్ సూపరింటెండెంట్‌గా ఉన్న కాలంలో, 1869లో, కొడుకు కూడా అండమాన్ చేరారు. అప్పుడాయన వయసు 23. 1871 నుంచి మధ్యమధ్యలో నికోబార్ దీవుల్లోని కమోర్తాలో, నాన్‌కౌరీ రేవు దగ్గరున్న చిన్న స్థావరం బాధ్యత చూశారు. మొత్తం మీద 1901 దాకా ఆయన ఉద్యోగ జీవితమంతా ఈ రెండు దీవుల గుంపుల మధ్యే గడిచింది.

అప్పట్లో అధికారులు అండమాన్‌ను దాటిపోవాల్సిన మజిలీగానే చూసేవారు. జ్వరాలు, వర్షాలు, ఒంటరితనం. మాన్ మాత్రం ఉండిపోయి, భాష నేర్చుకున్నారు.

భాషలో శరీరం

1863లో రెవరెండ్ హెన్రీ కార్బిన్ రాస్ ద్వీపంలో అండమానీల కోసం ఒక వసతి గృహం తెరిచారు. తరువాత అలాంటివి మరికొన్ని వెలిశాయి. వాటిని అండమాన్ హోమ్స్ అన్నారు. అడవిలోని వాళ్లను మచ్చిక చేసుకోవడం, పారిపోయిన ఖైదీలను పట్టించడం, స్థావరం మీద దాడులు లేకుండా చూడటం వాటి ఉద్దేశం. 1875లో వాటి బాధ్యత మాన్‌కు వచ్చింది. సుమారు నాలుగేళ్లు ఆ పనిలో ఉన్నారు.

ఆ నాలుగేళ్లే ఆయనకు పాఠశాల. హోమ్స్‌కు వచ్చిపోయే వాళ్లతో మాట్లాడుతూ ఆకా-బేయా భాష పట్టుకున్నారు. ప్రయాణికులు, అధికారులు ఏ ఏ ప్రశ్నలు అడిగి సమాచారం సేకరించాలో చెబుతూ 1874లో బ్రిటన్‌లో ఒక కరదీపిక వచ్చింది. మాన్ దాన్ని ముందు పెట్టుకుని వేట, తిండి, పెళ్లి, చావు, పుట్టుక అన్నింటి మీదా వివరాలు రాసుకున్నారు. విల్లంబులు, బుట్టలు, ఎముకల దండలు సేకరించి ఇంగ్లండ్‌కు పంపారు. తోటి అధికారి రిచర్డ్ టెంపుల్‌తో కలిసి భాష మీద పనిచేశారు. వారి కాగితాల ఆధారంగా లండన్‌లో ఫిలలాజికల్ సొసైటీ అధ్యక్షుడు అలెగ్జాండర్ ఎల్లిస్ 1882లో ఆ భాష గురించి వివరించారు.

ఆ భాషలో ఒక విశేషం పండితులను ఆశ్చర్యపరిచింది. తెలుగులో నా చేయి, నా తల, నా నడుము అని ఒకే ‘నా’తో సరిపెడతాం. ఆకా-బేయాలో శరీర భాగాన్ని బట్టి ముందు చేరే ఉపసర్గ మారుతుంది. తలకు ఒకటి, నోటికి ఒకటి, నడుముకు ఒకటి. చేతికీ పాదానికీ, వాటి వేళ్లకూ మడమకూ మాత్రం ఒకటే. మనిషి దేహాన్ని విభాగాలుగా చూసే పద్ధతి వ్యాకరణంలోనే ఉంది. గుణాలను, పనులను చెప్పే మాటలకు కూడా ఇదే పద్ధతి విస్తరించింది. ఇది వైద్యం కాదు. కానీ ఒంటిని ఇంత నిశితంగా గమనించిన సమాజంలో పురిటి వేళ ఎక్కడ చేయి వేయాలో తెలియడంలో వింత లేదు.

కడుపులో ఉండగానే పేరు

మాన్ రాసిన వివరాల్లో పుట్టుకకు సంబంధించిన భాగం తెలుగు పాఠకులకు ఒకేసారి దగ్గరగానూ దూరంగానూ అనిపిస్తుంది.

మన దగ్గర బిడ్డ పుట్టాక, పురుడు తీరాక బారసాల చేసి పేరు పెడతారు. అక్కడ చూలు నిలిచిందని తెలిసినప్పుడే పేరు పెట్టేవారు. ఆడా మగా తేడా లేకుండా చెల్లే కొద్దిపాటి పేర్ల నుంచి ఒకటి ఎంచుకునేవారు. పుట్టాక, ఆడబిడ్డో మగబిడ్డో తెలిపే మాటను దానికి చేర్చేవారు. ఆడపిల్ల ఈడేరినప్పుడు ఆ రుతువులో పూసిన చెట్టు పేరు ఆమె పేరుకు తోడయ్యేది.

పథ్యం కూడా ఉంది. గర్భిణి, బాలింత పంది మాంసం, తాబేలు, తేనె, ఉడుము, పునుగుపిల్లి జాతి జంతువు మాంసం మానేయాలి. మన ఇళ్లలోనూ బాలింతకు పథ్యం పెట్టడం మామూలే. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. భర్తకూ పథ్యమే. ఆయన కూడా ఉడుము, పునుగుపిల్లి మాంసం ముట్టకూడదు. ఆయన తింటే కడుపులోని బిడ్డకు కీడు అని నమ్మకం. అంటే గర్భం తల్లి ఒక్కదాని వ్యవహారం కాదు. ఆమె మోస్తున్నన్నాళ్లూ ఆయన కూడా కొన్ని వదులుకోవాలి.

ప్రసవంలో భర్త చేసిన పని గురించి మాన్ వాడిన ఆంగ్ల పదం ఈనాటి పాఠకుడిని తప్పుదారి పట్టించవచ్చు. ఆ పదం షాంపూ. ఇప్పుడది తలస్నానానికి వాడే ద్రవం. కానీ హిందీలో నొక్కు, పిసుకు అనే అర్థమున్న మాట నుంచి ఆంగ్లంలోకి వెళ్లిన ఆ పదానికి 19వ శతాబ్దంలో ఒళ్లు పట్టడం, మర్దన చేయడం అనే అర్థం ఉండేది. భర్త భార్య వీపును ఆసరాగా పట్టుకుని, ఆమె కోరినట్టు మర్దన చేస్తాడన్నదే మాన్ చెప్పిన సంగతి. ఆమె కోరినట్టు అన్నది ఇక్కడ కీలకం. ఏ చోట, ఎంత ఒత్తిడి అన్నది నొప్పి పడుతున్న మనిషి ఇష్టం.

తరువాతి తరంలో, 1906-08 మధ్య అండమాన్ వెళ్లిన మానవ శాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ కూడా ప్రసవ విధానాన్ని రాశారు. ఆయన వర్ణనలో స్త్రీ పడుకోదు. వీపుకు చెక్క ఆసరా పెట్టుకుని, మోకాళ్లు ముడిచి, వాటిని చేతులతో చుట్టుకుని కూర్చుంటుంది. పక్కనున్న ఆడవాళ్లలో ఒకరు పొట్ట పై భాగాన్ని నొక్కుతారు. ఆ వర్ణనలో చేతులు ఆడవాళ్లవి. ఆయన వెళ్లేసరికి ఆ సమాజం చాలా చితికిపోయి ఉంది.

పుట్టిన తరువాత కూడా బిడ్డ భారం తల్లి ఒక్కదాని మీద పడేది కాదు. పాలిచ్చే తల్లులు ఒకరి బిడ్డకు ఒకరు పాలిచ్చుకునేవారు. నడక వచ్చేదాకా బిడ్డను చెట్టు పట్టతో చేసిన జోలెలో తల్లి, ఇతర ఆడవాళ్లు, కొన్నిసార్లు తండ్రి కూడా మోసేవారు. మూడు నాలుగేళ్ల దాకా పాలు మాన్పించేవారు కాదు.

మన పురిటిల్లు, వారి ఆకుల తెర

తెలుగు ఇళ్లలో మర్దనకు కొదవ లేదు. నెలలు నిండిన పిల్ల కాళ్లు లాగుతున్నాయంటే తల్లి అరికాళ్లకు ఆముదం రాస్తుంది. బాలింతకు నూనె పట్టించి, నడుము మీద వేడి నీళ్లు ధారగా పోసి, సాంబ్రాణి పొగ వేస్తారు. పసిబిడ్డను అమ్మమ్మ చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి, కాళ్లూ చేతులూ సాగదీస్తుంది. మంత్రసాని నొప్పుల వేళ నడుము పడుతుంది.

కానీ ఈ చేతులన్నీ ఆడవాళ్లవే. తొలికాన్పు పుట్టింట్లో కాబట్టి, చాలాసార్లు భర్త ఆ ఊళ్లోనే ఉండడు. ఉన్నా వాకిట్లో ఉంటాడు. పురుడంటే మైల, అది మగవాడు చూడకూడనిది. ఆకా-బేయా శిబిరంలో ఆకుల తెర వెలుపల ఉండాల్సింది ఇతరులు. భర్త తెరకు ఇవతల, ఆమె వెనకే ఉన్నాడు.

కొత్తగా వినిపిస్తున్న రిఫ్లెక్సాలజీని కూడా ఈ నేపథ్యంలో చూడాలి. పాదంలో ఒక్కో చోటు దేహంలో ఒక్కో అవయవానికి అద్దం లాంటిదని, అక్కడ నొక్కితే ఆ అవయవానికి మేలు జరుగుతుందని ఈ పద్ధతి చెబుతుంది. దీని మూలం అమెరికాలో ఉంది. చెవి, ముక్కు, గొంతు వైద్యుడు విలియం ఫిట్జ్‌జెరాల్డ్, ఎడ్విన్ బవర్స్‌తో కలిసి 1917లో జోన్ థెరపీ అనే పుస్తకం వేశారు. అందులో కాన్పు నొప్పి తగ్గించడానికి కూడా ఒక అధ్యాయం కేటాయించారు. ఆ ఆలోచనను పాదాల పటంగా మార్చి, 1938లో పుస్తకం రాసి ప్రచారం చేసినది యూనిస్ ఇంగమ్.

పాదంలో ఒక బిందువును నొక్కితే గర్భాశయం మీద పని చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2015లో ప్రకృతి చికిత్సలను సమీక్షించినప్పుడు రిఫ్లెక్సాలజీ ఏ వ్యాధికైనా స్పష్టంగా పనిచేస్తుందనే రుజువు దొరకలేదు. కాన్పు నొప్పులపై జరిగిన చిన్న అధ్యయనాల్లో కొన్ని, ఉపశమనం కలిగిందని చెప్పాయి. అయితే చికిత్స అందుతున్న సంగతి ఆ స్త్రీలకు తెలిసే ఉంటుంది కాబట్టి, ఆ ఉపశమనంలో పాద పటం వంతెంత, పక్కన ఒక మనిషి కూర్చుని కాళ్లు పట్టడం వంతెంత అని విడదీయడం కష్టం.

మర్దన, తోడు విషయంలో మాత్రం వైద్య లోకం మరింత స్పష్టంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన ప్రసవ మార్గదర్శకాల్లో, ఆరోగ్యంగా ఉండి నొప్పి ఉపశమనం కోరే స్త్రీకి ఆమె ఇష్టాన్ని బట్టి మర్దన, వేడి కాపడం ఇవ్వవచ్చని చెప్పింది. తనకు నచ్చిన మనిషిని తోడుగా ఉంచుకునే అవకాశం ప్రతి స్త్రీకీ ఉండాలని సిఫార్సు చేసింది. భారత ప్రభుత్వం 2016లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయంలో ఒక తోడును అనుమతించాలని నిర్ణయించింది. ఆ తోడు ప్రధానంగా మహిళా బంధువు. ఇతర స్త్రీల గోప్యతకు భంగం లేని ఏర్పాటు ఉన్నచోట భర్తను రానివ్వవచ్చు. వరుసగా మంచాలుండే ప్రసవ గదుల్లో ఆ ఏర్పాటు ఎంత కష్టమో తెలిసిందే. ఆకుల తెర చేసిన పని ఆ గోప్యతే.

అచ్చులోకి రాని కాన్పులు

మాన్ తన వ్యాసానికి ఒక నియమం పెట్టుకున్నారు. స్థావరం గాలి సోకని, తమ పాత పద్ధతిలో బతుకుతున్న వాళ్ల గురించి మాత్రమే రాస్తున్నానని ముందే చెప్పారు. శాస్త్రీయంగా అది మంచి జాగ్రత్తే. కానీ ఆ నియమం వల్ల ఆయన బాధ్యతలో ఉన్న హోమ్స్‌లోని కాన్పులు వ్యాసం వెలుపల ఉండిపోయాయి.

అక్కడ జరిగింది వేరు. 1876లో హోమ్స్‌లోని వాళ్లకు సిఫిలిస్ సోకిందని బయటపడింది. దాన్ని తెచ్చింది స్థావరమే. అండమానీల మీద కాపలాకు పెట్టిన ఖైదీలు, సిబ్బంది నుంచి అది స్త్రీలకు అంటింది. సిఫిలిస్ ఉన్న గర్భిణికి గర్భస్రావం కావచ్చు, మృతశిశువు పుట్టవచ్చు, పుట్టిన బిడ్డ నెలల్లోనే చనిపోవచ్చు. పెన్సిలిన్ రావడానికి ఇంకా దశాబ్దాలు ఉంది. వచ్చిన వాళ్లు తిరిగి అడవికి వెళ్లినప్పుడు జబ్బు కూడా వాళ్లతోపాటే వెళ్లింది.

మరుసటి ఏడాది, 1877లో, తట్టు వచ్చింది. అంతకుముందు ఎన్నడూ ఆ జబ్బు చూడని జనం. వారి ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి లేదు. మాన్ తరువాత హోమ్స్ బాధ్యత తీసుకున్న ఎం.వి. పోర్ట్‌మన్ 1899లో రాసిన చరిత్రలో, దక్షిణ, మధ్య అండమాన్లలో సగానికి తగ్గకుండా జనం దాని దెబ్బకు పోయారని అంచనా వేశారు.

హోమ్స్‌లో పుట్టిన 150 మంది పిల్లల్లో ఒక్కరు కూడా రెండేళ్లు దాటి బతకలేదని ఆ స్థావర చరిత్రలో నమోదైంది. మాన్ బాధ్యత తీసుకోకముందు నుంచే ఈ చావులు మొదలయ్యాయి. ఆయన వచ్చాక వ్యాధిని గుర్తించారు, రోగులను వేరుగా ఉంచే ప్రయత్నం జరిగింది. కానీ హోమ్స్ మూతపడలేదు. స్థావరానికి వాటి అవసరం ఉంది.

ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే మాన్ రాసిన మరో రెండు ఆచారాల బరువు తెలుస్తుంది. చంటిబిడ్డ చనిపోతే తల్లిదండ్రులు తమ గుడిసె నేలలోనే పాతిపెట్టేవారు. ఆ చోటు వదిలి వెళ్లే ముందు తల్లి తన చనుబాలను ఒక గుల్లలోకి పిండి, ఆ గోతి పక్కన పెట్టేది. బిడ్డ ఆత్మకు ఆకలేస్తే తాగడానికి. ఆ తరువాత కొన్ని నెలల దాకా ఎవరూ ఆ శిబిరంలో ఉండేవారు కాదు.

రెండోది, బిడ్డ పోయాక ఆ తల్లి మళ్లీ గర్భవతి అయితే, పోయిన బిడ్డే తిరిగి వచ్చిందని నమ్మి అదే పేరు పెట్టేవారు. తెలుగు నేల మీద వరుసగా బిడ్డలు పోయిన ఇంట్లో తరువాత పుట్టినవాడికి పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టడం ఉంది. చావు కన్ను పడకుండా మనవాళ్లు బిడ్డను పనికిరానివాడిగా చూపించారు. వాళ్లు పోయిన బిడ్డ కోసమే పేరును దాచి ఉంచారు. హోమ్స్‌లో ఆ పేర్లు ఎన్నిసార్లు తిరిగి పెట్టినా, మోసే బిడ్డలు నిలవలేదు.

నికోబార్ వైపు

1879 తరువాత మాన్ హోమ్స్ నుంచి తప్పుకున్నారు. ఆయన దృష్టి ఎక్కువగా నికోబార్ వైపు మళ్లింది. కమోర్తాలోని శిక్షా స్థావరాన్ని 1888లో మూసేశారు. మరుసటి ఏడాదే మధ్య నికోబారీ భాషకు ఆయన కూర్చిన నిఘంటువు వచ్చింది.

నికోబారీలు అండమానీల కంటే భిన్నమైన జనం. కొబ్బరి తోటలు, పందుల పెంపకం, శతాబ్దాలుగా ఓడలతో వ్యాపారం. బయటి మనుషులూ బయటి జబ్బులూ వారికి పూర్తిగా కొత్త కాదు. స్థావరం కూడా వారి ఊళ్లను చుట్టేయలేదు. వారు నిలబడ్డారు.

అక్కడ కూడా పుట్టుకలో తండ్రికి చోటు ఉండేది. భార్య పురిట్లో ఉన్నప్పుడు భర్త కూడా పనులు మాని ఆమెతోపాటు ఉండటం, పథ్యం పాటించడం నమోదయ్యాయి. మానవ శాస్త్రంలో దీన్ని కూవాడ్ అంటారు. కార్ నికోబార్ ఊళ్లలో సముద్రతీరాన ఎల్‌పనం అనే ఉమ్మడి స్థలంలో కాన్పుల కోసం ప్రత్యేకంగా ఇల్లు ఉండేది. నికోబారీ సంప్రదాయ వైద్యంలో మర్దన నేటికీ ముఖ్యమైన భాగమే.

పదాలు మిగిలాయి, పలికేవాళ్లు పోయారు

మాన్ 1901లో ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు కడుతున్న రోజులవి. అదే ఏడాది జనాభా లెక్కల్లో గ్రేట్ అండమానీ తెగలన్నీ కలిపి 625 మంది తేలారు. ఆయన తండ్రి జెండా ఎగరేసిన నాటికి వాళ్లు కొన్ని వేల మంది ఉండేవారని అంచనా. ఆయన భాష నేర్చుకున్న ఆకా-బేయాలు 37 మంది. స్థావరం వారి నేల మీదే వెలిసింది కాబట్టి, తొలి దెబ్బ వారికే తగిలింది.

1911లో గ్రేట్ అండమానీలు 455 మంది, ఆకా-బేయాలు 10 మంది. ఇంగ్లండ్‌లో మాన్ అప్పటికీ ఆ భాష మీద పని చేస్తూనే ఉన్నారు. దక్షిణ అండమాన్ భాషా నిఘంటువు 1923లో పుస్తకంగా వచ్చింది. 1921 లెక్కల్లో గ్రేట్ అండమానీలు 209కి పడిపోయారు. ఆకా-బేయా వాళ్లు దాదాపుగా ఎవరూ మిగలలేదు. అందులోని వేల పదాలను సరిచూసి చెప్పగలిగే మనుషులు లేని రోజున ఆ నిఘంటువు పాఠకుల చేతికొచ్చింది.

మాన్ 1929లో చనిపోయారు. నికోబార్ ప్రజల మీద ఆయన పుస్తకం ఆ తరువాతే వెలువడింది. 1931లో గ్రేట్ అండమానీలు 90 మంది. 1961లో 19. తరువాత వారిని స్ట్రెయిట్ ద్వీపంలో ఉంచారు. 2010లో బోవా సీనియర్ అనే వృద్ధురాలి మరణంతో ఆకా-బో భాష మాట్లాడే చివరి మనిషి పోయారు. 2011 జనాభా లెక్కల్లో వారు 44 మంది.

ఈ దీవుల్లో ఇప్పుడు తెలుగు మాతృభాషగా ఉన్నవారు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. 2011 లెక్కల ప్రకారం ప్రతి వంద మందిలో 13 మంది తెలుగువారే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వాటిలో చాలా ఉన్నాయి. వారి పిల్లలు పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రుల్లో పుడతారు. 2024లో ఆ నగరం పేరు శ్రీ విజయపురం అయింది.

అడవి తెగల దగ్గరికి వైద్యం వెళ్లే తీరు కూడా మారింది. శాంతి తెరెసా లక్రా అనే ఏఎన్‌ఎం లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌లో ఏళ్ల తరబడి ఉండి, ఓంగే తెగ స్త్రీల కాన్పులు, పసిబిడ్డల ఆరోగ్యం చూశారు. 2011లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. అండమాన్ హోమ్స్ అడవిలోని మనుషులను స్థావరానికి రప్పించాయి. ఆమె తనే అక్కడికి వెళ్లారు. బిడ్డలు బతకడం, బతకకపోవడం మధ్య ఈ తేడాకు చాలా విలువ ఉంది. ఓంగేలు ఇప్పటికీ వంద మంది చుట్టూనే ఉన్నారు. అక్కడ ఒక్క కాన్పు సురక్షితంగా జరిగినా అది తెగ లెక్కను మారుస్తుంది.

మాన్ పుస్తకాన్ని పాత కాలపు వింతల చిట్టాగా చదివేయవచ్చు. అందులో అప్పటి పాలకుడి చూపు ఉంది, తనకంటే తక్కువ వాళ్లన్న ధోరణి ఉంది, చెప్పకుండా వదిలేసినవి ఉన్నాయి. అయినా ఆకా-బేయా స్త్రీ ఎలా కన్నదో, ఆమె పక్కన ఎవరున్నారో ఈరోజు తెలియడానికి ఆధారం ఆ కొద్ది పేజీలే. ప్రసవ గది తలుపు బయట ఫోను పట్టుకుని తిరిగే భర్తలకు అవి చెప్పే సంగతి ఒకటుంది. పాదంలో ఏ బిందువు నొక్కాలో తెలియకపోయినా ఫరవాలేదు. లోపలికి రానిచ్చే చోట ఆమె వెనక కూర్చుని, ఎక్కడ నొప్పో అడిగి, అక్కడ చేయి వేస్తే చాలు. దానికి తోడు శుభ్రమైన చేతులు, రక్తపోటు చూసే నర్సు, పెన్సిలిన్ ఉన్న ఆసుపత్రి కూడా ఉండాలి. ఆకా-బేయా తల్లులకు మొదటిది ఉంది. రెండోది వారికి అందలేదు. దాని బదులు స్థావరం నుంచి వారికి వచ్చింది జబ్బు.